రాయికి చుట్టిన రవిక గుడ్డ

పరువు పోగొట్టుకోవడానికి కొందరు చాలా కష్టపడతారు. ఎన్నికల్లో నిలబడతారు, చీటీలు నడుపుతారు, కాలేజీ వార్షికోత్సవంలో పాటలు పాడతారు. నాకు అంత అవస్థ లేకుండా ఒక రాయితో పనైపోయింది. ఆ రాయి ఇప్పటికీ ఉంది, నాకంటే మంచి స్థితిలోనే ఉంది. పైన రేకుల కప్పు, ముందు టెంకాయల అంగడి, పక్కన చెప్పులు విడిచే చోటు. దానికీ నాకూ ఉన్న బంధుత్వం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. మా ఇంట్లోవాళ్లు నవ్వీ నవ్వీ అలిసిపోయారు, వాళ్లకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

ఈ కథలో వెధవ ఎవరా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. నేనే.

అప్పట్లో నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో కొండలెక్కే బృందం ఒకదానిలో చేరాను. బృందంతో కలిసి నేనెక్కింది రెండే కొండలు. అందులో ఒకదానికి పైదాకా తారురోడ్డుంది. కానీ సామాను మాత్రం మంచుకొండలకు సరిపడా కొన్నాను. చీలమండల దాకా వచ్చే బూట్లు, మడిస్తే చిన్నదయ్యే చేతికర్ర, మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ, పీల్చుకోవడానికి గొట్టమున్న నీళ్ల సంచి. ఎండాకాలంలో కోడిగుడ్డు రోడ్డు మీద ఉడికే మా కర్నూలు సీమలో పుట్టి, చలికోటు కూడా కొన్న మనిషిని నేను. మొదటిసారి ఆ వేషంలో ఇంటికి వస్తే మా నాయన కాసేపు చూసి, "యాడన్నా కరెంటు స్తంభాలు ఎక్కే పని దొరికిందారా?" అని అడిగాడు.

మాది బనగానపల్లె దగ్గర ఒక పల్లె. మిద్దె మీద నిలబడితే ఎర్రమల కొండలు కనిపిస్తాయి. అందులో మా ఊరికి ఎదురుగా ఉన్నదాని కొసన గద్దబండ అని ఒక చదునైన బండ ఉంది. అక్కణ్ణించి చూస్తే సీమంతా కనిపిస్తుందని చెప్పుకుంటారు. నేను పుట్టి పెరిగి దాన్ని ఎక్కింది లేదు. చిన్నప్పుడు ఎక్కుతానంటే మా నాయన, "ఆడ ఏం పోగొట్టుకున్నావని?" అనేవాడు. నాకు జవాబు తోచక ఆగిపోయేవాణ్ణి.

ఇక నా పెళ్లి సంగతి. శ్రావణిది మైదుకూరు పక్క ఊరు, బడిపంతులమ్మ. ఫోటోలు చేతులు మారాయి, ఫోన్లలో మాటలు నడిచాయి, ఇద్దరికీ ఇష్టమైంది. మిగిలింది వాళ్ల నాయన ఓబులేసు మామ. ఉల్లిగడ్డలు పండించి, ఉల్లిగడ్డలు అమ్మి, మనుషులను కూడా ఉల్లిగడ్డల్లాగే చేతిలో తిప్పి చూసి ఎంచే మనిషి. నన్ను చూడటానికి బంధువులతో జీపులో బయలుదేరి, సగం దారిలో ఫోన్ చేశాడు.

"ఏమప్పా, మీ ఊరికి యా దోవన రావల్ల?"

నోరున్నవాడు ఏం చెప్పాలి? ఫలానా మామిడి తోట దాటి కుడిచేతి పక్కకు తిరగండి, ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు అనాలి. నేను, "లొకేషన్ పంపిస్తా మామా, దాన్ని పట్టుకొని వచ్చేయండి," అన్నాను. ఆయన దాన్ని పట్టుకొని వచ్చేశాడు. అది ఆయన్ని మా ఊరికి కాకుండా బండల గనుల మట్టిరోడ్డులోకి దించింది. ఎదురుగా నాపరాళ్ల లారీలు. తిప్పుకునే చోటు లేక జీపు వచ్చిన దారంతా వెనక్కే నడిచిందట. మధ్యాహ్నం భోజనానికి రావలసినవాళ్లు పొద్దు వాలాక, తల నుంచి కాళ్ల దాకా తెల్లటి రాతిదుమ్ముతో మా వాకిట్లో దిగారు. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి మా అమ్మ చెంబుతో నీళ్లిచ్చి మొహాలు కడిగించవలసి వచ్చింది.

ఓబులేసు మామ ఓళిగ తింటూ ఒకే మాట అన్నాడు. "సొంతూరికి దోవ సెప్పలేనోడు, నా బిడ్డను యాడికి తీస్కపోతాడు?"

ముహూర్తం ఎప్పుడు పెట్టిద్దామని మా నాయన అడిగితే, "సూద్దాంలే," అన్నాడు. మా వైపు పెద్దమనిషి నోట ఆ మాట వచ్చిందంటే, ఆ పని గాలికి ఆరేసినట్టే. నెల గడిచింది, రెండో నెల వచ్చింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. వేరే సంబంధం ఒకటి ప్రొద్దుటూరు నుంచి వచ్చిందని శ్రావణి ఫోన్లో మెల్లగా చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ పిల్ల నాకు కావాలి. నా తిక్కంతా ఆ కోరిక చుట్టూనే తిరిగింది కాబట్టి మీరు నన్ను కొంచెం క్షమించవచ్చు. ఎక్కువ వద్దు.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. దాన్ని ఉపాయమని అప్పట్లో నేనొక్కణ్ణే అన్నాను. కార్తీకమాసం, వనభోజనాల రోజులు. రెండు కుటుంబాలనూ గద్దబండ మీదికి తీసుకుపోతాను. ఫోను ముట్టుకోకుండా, ఎవరినీ దారి అడక్కుండా, పైకి తీసుకుపోయి సీమంతా చూపించి మళ్లీ జాగ్రత్తగా కిందికి దించుతాను. ఆ దెబ్బకు మామ నోట ముహూర్తం మాట దానంతటదే ఊడిపడుతుంది.

శ్రావణి అడిగింది, "నువ్వు ఆ కొండ ఎప్పుడన్నా ఎక్కినావా?"

"చిన్నప్పట్నుంచీ సూస్తానే ఉండా."

"సూసేది కాదు, ఎక్కినావా అని అడుగుతాండా."

"కొండ గదా శ్రావణీ. పైకి పోతాంటే పైకే పోతాం. దాంట్లో తప్పిపోయేదానికి ఏముండాది?"

ఈ మాట అన్న మనిషి ఇంజనీరింగు పాసయ్యాడు. మన చదువుల గురించి నాకున్న అనుమానాలన్నీ ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

ఆదివారం ఉదయం బయలుదేరాం. మా నాయన మోకాళ్ల నొప్పి పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయాడు. ఆయన తెలివైనవాడు. మేం ఐదుగురం: ఓబులేసు మామ, ఆయన భార్య లక్ష్మమ్మత్త, శ్రావణి, మా అమ్మ, ముందు వరసలో నేను. మామ మామూలు తోలుచెప్పులతో, భుజాన తువ్వాలుతో వచ్చాడు. నేను పూర్తి వేషంలో ఉన్నాను. చిత్రాన్నం, ఓళిగలు, పెరుగన్నం ఉన్న క్యారియర్లు ఆడవాళ్ల చేతుల్లో ఉన్నాయి. మా అమ్మ మాత్రం ఒక గుడ్డసంచి నా చేతికిచ్చి మరీ మరీ చెప్పింది.

"ఇది జాగ్రత్తరా. దీంట్లో పసుపు, కుంకుమ, రైక గుడ్డ ఉండాయి. పైన మంచి గాలిలో కూర్చోని వదినకు, పిల్లకు బొట్టు పెట్టల్ల. కొత్త సంబంధం. మొదటి బొట్టు."

"సరేమా," అన్నాను. ఆ "సరేమా" ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా కొండలెక్కే బృందంలో ఒక సూత్రం చెప్పేవారు. ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ గుర్తులు పెట్టుకుంటూ పోవాలి, దిగేటప్పుడు వాటిని పట్టుకొని దిగాలి. చక్కటి సూత్రం. దానికోసం సుద్దముక్కల పెట్టె కొన్నాను. అది ఇంట్లో కిటికీ దగ్గర భద్రంగా ఉందని మొదటి మలుపు దగ్గర గుర్తొచ్చింది. మామ నా వెనకే ఉన్నాడు. ఆగి తడుముకుంటే పరువు పోతుంది. సంచిలో చెయ్యి పెట్టాను. స్టీలు డబ్బా తగిలింది. మూత తీస్తే ఒక పక్క పసుపు, ఒక పక్క కుంకుమ. ఎర్రగా, పచ్చగా, కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు. బూడిదరంగు రాళ్ల మీద సుద్దముక్క కంటే నూరుపాళ్లు నయం. నా తెలివికి నేనే మురిసిపోయి, దారి పక్కనున్న ఒక రాయికి పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను.

మన దేశంలో, అందునా మన సీమలో, రాయికి పసుపు రాసి కుంకుమ పెడితే దాన్ని ఏమంటారో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు అది దారిగుర్తులా కనిపించింది.

"ఏం జేస్తాండావప్పా?" అన్నాడు మామ.

"గుర్తులు మామా. దిగేటప్పుడు ఇవే మనకు దోవ సూపిస్తాయి. ఫోనుతో పనిలేదు."

ఆయన రాయిని చూశాడు, నన్ను చూశాడు. "ఊఁ," అన్నాడు. ఆ ఊఁలో మెచ్చుకోలు వినిపించింది నాకు. ఇక ఆగుతానా? మలుపు వస్తే బొట్టు, పొద అడ్డొస్తే బొట్టు, ఏమీ రాకపోయినా మామ చూస్తుంటే బొట్టు. లక్ష్మమ్మత్త ప్రతి రాయి దగ్గరా ఆగి చెంపలు వేసుకొని, దండం పెట్టుకొని మరీ ఎక్కుతోంది. అప్పుడైనా నా బుర్రలో దీపం వెలగాలి. వెలగలేదు. పైగా అత్తకు ఆయాసం వచ్చి ఆగుతోందేమో అనుకొని, ఊపిరి ఎలా పీల్చాలో ఆమెకు పాఠం చెప్పాను.

మా అమ్మ అందరికంటే వెనక వస్తోంది. ఆ రాళ్లను చూసి, "ఈ కొండలో ఇంత మంది దేవుళ్లు ఉండారని ఇన్నాళ్లూ నాకు తెలీకపాయనే," అనుకుందట పాపం.

సగానికి పైగా ఎక్కాక బాట మూడుగా చీలింది. అక్కడ కూర్చున్న మనిషంత ఎత్తున ఒక నిలువురాయి ఉంది. ఇది ముఖ్యమైన చోటు, గుర్తు గట్టిగా ఉండాలి. డబ్బాలో చూస్తే అడుగున కొంచెమే మిగిలింది. పైన రెండు మలుపులకు చిటికెడు ఉంచుకొని, మిగతాదంతా రాయి పైభాగానికి పూశాను. చాలదనిపించింది. సంచిలో ఇంకేముందని చూస్తే పచ్చటి రవిక గుడ్డ, కొత్తది, మడత విప్పనిది. దాన్ని విప్పి రాయి నడుముకు చుట్టి ముడి వేశాను. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

"ఎవరో ఆడమనిషి కూర్చున్నట్టుండాది," అన్నాను గర్వంగా.

శ్రావణి గుడ్డనూ నన్నూ మార్చి మార్చి చూసింది. "అది ఎవురిది?"

"అమ్మ సంచిలోది. దిగేటప్పుడు విప్పుకుందాంలే."

ఆమె ఇంకేమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక రకం అనడమే అని పెళ్లయ్యాక నేర్చుకున్నాను. కాసేపటికి వెనక నుంచి వచ్చిన మా అమ్మ, "అచ్చం నేను కొన్నట్లాంటి గుడ్డే కట్టినారు ఎవురో పుణ్యాత్ములు," అని ఆ రాయికి మొక్కి, పక్కనున్న అడవిపూలు రెండు తెంపి పెట్టి మరీ వచ్చింది.

గద్దబండ నిజంగా బాగుంది. ఆ విషయంలో నా మీద నింద వేయడానికి లేదు. బండ అంచున నిలబడితే కింద మామిడి తోటలు నల్లటి పచ్చదనంతో పరుచుకొని, వాటి అవతల జొన్నచేలు, ఇంకా అవతల బేతంచెర్ల వైపు తెల్లటి రాళ్లకుప్పలు. గాలి చెవుల్లో హోరుమంటోంది. అంత దూరంలో ఒక రైలు నెమ్మదిగా పోతోంది. ఓబులేసు మామ నడుం మీద చేతులు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"బాగుండాదప్పా," అన్నాడు. "శానా బాగుండాది."

నా గుండె నిండిపోయింది. ముహూర్తం మాట ఆయన పెదవుల దాకా వచ్చినట్టే కనిపించింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ బండ మీద దుప్పటి పరిచి, అత్తనీ శ్రావణినీ తూర్పుముఖంగా కూర్చోబెట్టి, నా వైపు చెయ్యి చాచింది.

"సంచి ఇటియ్యి."

ఇచ్చాను. ఆమె డబ్బా తీసింది. మూత తీసింది. లోపల చూసింది. డబ్బాని తిరగేసింది. సంచిలో చెయ్యి పెట్టి అటూ ఇటూ వెతికింది. సంచిని కూడా తిరగేసింది. కింద పడింది ఒక తమలపాకు.

"పసుపు కుంకుమ యాడరా?"

నేను వంగి బూట్ల తాళ్లు సర్దుకున్నాను. జవాబు మామ ఇచ్చాడు. "రాళ్లకు పెట్టినాడమ్మా. వరసబెట్టి. నేను సూస్తానే ఉండా."

"రాళ్లకా? మరి రైక గుడ్డ?"

"అది గూడా రాయికే."

మా అమ్మ మొహం చూడలేకపోయాను. కొత్త వియ్యపురాలికి మొదటి బొట్టు పెట్టబోతే ఖాళీ డబ్బా. అత్త చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేక, అలాగే ఉంచలేక, చివరకు మెడలో పుస్తెల తాడు సర్దుకుంది. అది అపశకునమని ఎవరూ నోటితో అనలేదు. అనకుండా అందరూ చిత్రాన్నం తిన్నారు. అంత మౌనంగా చిత్రాన్నం తినడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నేను ఒకటే ధైర్యం చెప్పుకున్నాను. పోయింది పోయింది, కిందికి సక్రమంగా దించితే చాలు. దారిగుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి కదా.

దిగడం మొదలుపెట్టాం. మొదటి గుర్తు దొరికింది. రెండోదీ దొరికింది. ఆ తర్వాత చూస్తే ఎడమ పక్క పొద కింద ఒక పసుపురాయి, కుడి పక్క గట్టు మీద ఇంకోటి, ఎదురుగా బండమీద మూడోది. అక్కడ నేను అన్ని పెట్టిన గుర్తు లేదు. కానీ మామ అడిగాడు.

"ఇవన్నీ నువ్వే పెట్టినావా?"

"అవును మామా," అన్నాను. కాదంటే ఏమవుతుందో తెలుసు కదా.

"డబ్బా సూస్తే చిన్నదే."

"కొంచెం కొంచెం పెట్టినా మామా."

అబద్ధం చెప్పేవాడు కొంచెమైనా సిగ్గుపడతాడు. నేను చేతికర్ర ముందుకు చాచి, "ఇట్ల రండి," అని ఎడమ పక్కకు తిప్పాను. బొట్టున్న రాయి, మళ్లీ బొట్టున్న రాయి, వాటి వెంట దిగి దిగి కంపపొదల్లో పడ్డాం. అత్త చీర చిరిగింది. వెనక్కి వచ్చి కుడి పక్క రాళ్లు పట్టుకున్నాం. అవి ఒక లోయ అంచుకు తీసుకుపోయి ఆగిపోయాయి. మళ్లీ వెనక్కి. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. నా గొట్టంసంచిలో మిగిలినవి అత్తకు ఇస్తే, ఆ గొట్టాన్ని ఎలా పీల్చాలో తెలియక అవి ఆమె కళ్లలోకి చిమ్మాయి. కాసేపటికి, ఇంతకుముందే చూసిన పొద మళ్లీ ఎదురొచ్చింది. అత్త చీరముక్క దాని ముళ్లకు ఇంకా వేలాడుతోంది.

మామ ఒక రాయి మీద కూర్చున్నాడు. బొట్టున్న రాయి మీదే. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమప్పా. మొదటి తూరి ఫోనును నమ్మి నన్ను గనుల్లో దింపితివి. ఈ తూరి నిన్ను నువ్వు నమ్మి కంపలో దింపితివి. ఇంగ నేను ఎవురిని నమ్మల్ల?"

"మామా, ఇంకొక్క తూరి..."

"వద్దులే. కిందికి పోయినాక మా దోవ మేం సూసుకుంటాం. ఆ ప్రొద్దుటూరోళ్లు కనీసం ఊర్లో ఉంటారు, కొండల మీద ఉండరు."

శ్రావణి తలొంచుకుంది. ఆమె తల అలా వంగడం చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. టోపీ కిందికి లాక్కొని ఏడ్చాను కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఆ టోపీ ఉపయోగపడింది అప్పుడొక్కసారే.

అప్పుడు వినిపించింది గంట. ఆ వెంటనే టెంకాయ కొట్టిన చప్పుడు, ఆడవాళ్ల పాట. మామ లేచి, నా వైపు చూడకుండా, చప్పుడు వచ్చిన పక్కకు నడిచాడు. ఆయన వెనక మేమంతా. నేను వరసలో చివరికి చేరాను, అదే నా సరైన స్థానం.

పొదలు దాటగానే మూడు బాటల చీలిక. నా నిలువురాయి చుట్టూ ఇరవై మంది దాకా ఆడామగా. రాయికి నేను చుట్టిన పచ్చ గుడ్డ అలాగే ఉంది. మెడలో పూలదండ, ముందు కొట్టిన టెంకాయలు, కర్పూరం, చిల్లర నాణేలు. కథ ఇదీ: ఆదోని పక్క నుంచి టెంపోలో యాగంటికి వచ్చిన జనం, తిరిగి పోతుంటే కొండ కింద టైరు పంక్చరైంది. టైరు మార్చేదాకా నీడ చూసుకుందామని వచ్చిన ఆడవాళ్లకు నేను పెట్టిన మొదటి రాయి కనిపించింది. దాని పైన ఇంకోటి. అలా మొక్కుకుంటూ మొక్కుకుంటూ ఇక్కడి దాకా వచ్చి, పచ్చచీరలో కూర్చున్న తల్లిని చూశారు. చేతిలో క్షేత్రం నుంచి తెచ్చిన కుంకుమ పొట్లాలు బోలెడున్నాయి. చుట్టుపక్కల కంటికానిన రాయికల్లా పెట్టేశారు.

వాళ్లకు పెద్దదిక్కు ఈరమ్మ అనే ఆమె. నుదుట రూపాయంత బొట్టు, మైకు అక్కర్లేని గొంతు.

"రాండప్పా, రాండి. దుడ్లుంటే అమ్మ ముందర ఎయ్యండి. దోవమ్మ తల్లి. మూడు దోవల కాడ కూర్చోని దారి తప్పినోళ్లను కాపాడే తల్లి."

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా నేను? లేదు. జరిగింది జరిగినట్టు చెబితే మామకు నా నిజాయితీ అయినా కనిపిస్తుందనుకున్నాను.

"అమ్మా, ఇది దేవత కాదు. దిగేటప్పుడు గుర్తుకని పొద్దున నేను పెట్టినా."

పాట ఆగింది. ఈరమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. బూట్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు చూసింది.

"ఈ కొండలో రాళ్లు ఎన్ని ఉండాయి?"

"శానా ఉండాయి."

"మరి నీకు ఈ రాయే ఎందుకు కనపడింది?"

"మూడు దోవల కాడ ఉండాది గాబట్టి."

"ఆడ తెచ్చి పెట్టింది నువ్వేనా?"

"కాదు, అది ముందునుంచీ ఆడనే..."

"పసుపు రాయల్లని నీకు ఎవురు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలే. సుద్దముక్కలు మర్చిపోయినా."

"ఎవురు మరిపించినారు?"

నాకు జవాబు లేదు. చిన్నప్పుడు మా నాయన అడిగిన ప్రశ్నకు కూడా లేదు కానీ, అప్పుడు చుట్టూ ఇరవై మంది లేరు.

"సూడండమ్మా," అంది ఈరమ్మ జనం వైపు తిరిగి. "తల్లి ఈ పిల్లోని చేత పసుపు పూయించుకునింది, చీర కట్టించుకునింది. వీనికేమో ఆ సంగతే తెలీదు. ఎట్లాంటోన్ని పట్టుకునిందో సూడండి, ఏమీ తెలీనోన్ని."

ఏమీ తెలియనివాడని ఇరవై మంది నా ముందు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఎవరో నా నుదుట ఇంత కుంకుమ దిద్దారు. ఒక ముసలాయన నా బూట్లకు దండం పెట్టబోతే కాళ్లు వెనక్కి లాక్కున్నాను. ఓబులేసు మామ ఇదంతా చూసి, చెప్పుల దుమ్ము దులుపుకొని, కింది బాట పట్టబోయాడు. ఆ వీపు చూడగానే నాకు అంతా అయిపోయిందని అర్థమైంది.

అప్పుడు లక్ష్మమ్మత్త కదిలింది. పొద్దున్నించీ ఒక్క మాట మాట్లాడని మనిషి, చిరిగిన చీర చెంగు నడుముకు చెక్కుకొని, తిన్నగా రాయి ముందుకు పోయి చేతులు జోడించింది.

"తల్లీ దోవమ్మా. మా పిల్లకు రావల్సిన పసుపు కుంకుమ నువ్వు తీసుకుంటివి. మా ఇంటి మొదటి బొట్టు నీకే పడింది. ఇంగ ఈ పెండ్లి నువ్వే జరిపియ్యల్ల. జరిపిస్తే ఈ పిల్లోడు వచ్చి నీ ముందర గుండు గీయించుకుంటాడు."

"ఏమే," అన్నాడు మామ, ఆగి.

"మొక్కినా," అంది అత్త. "అయిపోయింది."

ఈరమ్మ గంట కొట్టింది. జనం గోవిందలు పెట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకొని, ఈరమ్మ దగ్గర కుంకుమ పొట్లం అడిగి తీసుకొని, అత్తకూ శ్రావణికీ అక్కడే బొట్టు పెట్టేసింది. మామ అందరినీ ఒక్కొక్కరినీ చూశాడు. రాయిని చూశాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"ఆ రాయిని సూసి పిల్లనిస్తాండా. నిన్ను సూసి కాదు. గుర్తు పెట్టుకో."

గుర్తు పెట్టుకున్నాను. కిందికి టెంపో వాళ్ల వెనకే దిగాం. కింద కూర్చున్న డ్రైవరు ఈలలు వేసి వాళ్లకు దారి చెప్పాడు.

మాఘంలో పెళ్లయింది. పెళ్లయిన పదహారో రోజుకు గుండయింది. అది ఒక్కసారితో పోలేదు. ఉద్యోగంలో పదోన్నతి వస్తే అత్త ఇంకోసారి మొక్కింది, బిడ్డ పుడితే మరోసారి. ఏటా కార్తీకంలో అక్కడ తిరునాళ్ల జరుగుతుంది. నన్ను తొలి భక్తుడని ముందు వరసలో కూర్చోబెడతారు. అసలేం జరిగిందో చెప్పమని మైకు ఇస్తారు, చెప్పబోతే, అలా కాదు అని వాళ్లే చెబుతారు. వాళ్ల కథలో నేను గొర్రెల కాపరిని. కొండ కింద నుంచి గుడి దాకా సిమెంటు మెట్లు వేశారు కాబట్టి దారి తప్పే అవకాశమే లేదు. గద్దబండ దాకా మాత్రం ఎవరూ పోరు. అక్కడ ఏముందని పోతారు?

మొన్నటి గుండు నాడు శ్రావణి నా నెత్తికి గంధం పూస్తూ మాటవరసకు అంది.

"ఆ పొద్దు మా అమ్మకు ఆ మొక్కు సంగతి చెవిలో సెప్పింది నేనే."

"నువ్వా?"

"మా నాయన చెప్పులు దులుపుకుంటాండె. ఇంగ ఏం జెయ్యల్ల? నువ్వేమో అంతకుముందే టోపీలో ఏడ్చి నిలబడింటివి."

టోపీ ఏడుపు కూడా కనిపించిందన్నమాట. కాసేపు గంధం చల్లదనాన్ని అనుభవించి అడిగాను. "పెండ్లి కావల్లని మొక్కితే సాలు గదా. గుండు ఎందుకు?"

"ఉత్తగా మొక్కితే మా నాయన సూద్దాంలే అనేటోడు. అల్లుడు గుండు ఇస్తాడని మొక్కితే, నువ్వు అల్లుడు గాక తప్పదు. దేవునికి బాకీ పెట్టే ధైర్యం మా నాయనకు లేదు."

ఇంత బుర్ర ఇంట్లో పెట్టుకొని నేను కొండలెక్కడానికి దారి చూపించబోయాను చూడండి. ఆ పిల్ల నన్ను కావాలనుకుంది కాబట్టి దొరికాను, అంతకు మించి ఇందులో నా ప్రజ్ఞ గోరంత కూడా లేదు. ఆ మాట తెలిసినప్పుడు నా బోడిగుండు మీద ఎండ కూడా హాయిగానే అనిపించింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుట గంధం పూసిన తలతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కొండ మీదా ఎవరికీ దారి చూపించను. ఏ రాయికీ వేలు తగిలించను. తప్పిపోతే తప్పిపోయిన చోటే కూర్చుంటాను, నాకు ఎవరైనా పసుపు రాసేదాకా.

ఈ ప్రమాణం గట్టిగా నిలబడాలని మా అత్త నిన్ననే దోవమ్మకు మొక్కుకుందట. ఏం మొక్కిందని అడిగే ధైర్యం నాకు లేదు, దువ్వెన మాత్రం పక్కింటి వాళ్లకు ఇచ్చేశాను.